ముదిమిలో మూత్రబాధ: ఏడు పద్దుల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున కావ్యములను గూర్చియో పురాణములను గూర్చియో ప్రసంగించుట వాడుక. కాని గ్రంథాలయమునకు ప్రతిదినము వచ్చి పత్రికలు చదువువారిలో ఏబదియేండ్లు దాటినవారు పెక్కురు. వారిలో కొందరు ఒక పుట ముగియకముందే లేచి గోడచాటునకు పోయివచ్చుట అందరును చూచినదే. కారణము ఎవరును అడుగరు. అడిగినను ఎవరును చెప్పరు. చెప్పుకొనరాని జబ్బని దానికి పేరు. అది చెప్పుకొనరానిది కాదు; చెప్పుకొనకపోవుటచేతనే ప్రాణము మీదికి వచ్చుచున్నది. నేటి ప్రసంగము ఆ బాధను గూర్చియే.

పెన్న యొడ్డున ఏ పల్లెకు పోయినను రావిచెట్టు కట్టమీద ఇద్దరు వృద్ధులు కూర్చున్నచోట ఇట్టి మాటలు వినవచ్చును.

“ఏం బావా, రాత్రంతా మీ తలుపు కిర్రుమంటానే ఉండె. నిద్ర పట్టలేదా?”

“నిద్ర యాడిది బామ్మర్దీ. ఐదుసార్లు ఒంటికి లేస్తి. పోతే సక్కరంగా రాదు, రాకుంటే తీరదు.”

“ప్రొద్దుటూరికి పోయి చూపిచ్చుకోరాదా మరి?”

“అరవై దాటినాక అంతేలే. ఆసుపత్రికి పోతే కోస్తారంట. కోస్తే మగోడు మగోడుగా మిగలడంట.”

ఇది పల్లెలోని అపోహ. పట్టణమున మరియొక విధమైన అపోహ కలదు. అచట కొంత చదువుకొన్నవారు, “ఇది హార్మోను హెచ్చుటవలన వచ్చిన రోగము” అని ఒకరును, “కాదు, హార్మోను తగ్గుటవలన వచ్చినది” అని మరియొకరును వాదించుకొని, రక్తము పరీక్ష చేయించి, ఆ కాగితములోని అంకెను చూచి ధైర్యమో దిగులో తెచ్చుకొనుచుందురు. బస్సుస్టాండు గోడలమీది శక్తిమందుల ప్రకటనలు ఈ భ్రాంతికి ఆజ్యము పోయుచున్నవి. ఈ రెండు అపోహలకును మూలము ఒక్కటే: పౌరుషమునకును ఈ వ్యాధికిని గల సంబంధము సరిగా తెలియకపోవుట.

పురుషునికి మూత్రాశయము క్రింద, మూత్రనాళము మొదటను చుట్టుకొని ప్రోస్టేటు అను గ్రంథి యొకటి కలదు. దీనిని పౌరుషగ్రంథి అనియు అందురు. యౌవనమున దాని తూకము ఇంచుమించు 20 గ్రాములు. చూపునకు రాతి ఉసిరికాయంత యుండును. నలుబది దాటిన పిదప అది మెల్లమెల్లగా పెరుగుట మొదలిడును. అరువదియేండ్లు వచ్చునప్పటికి సగముమంది పురుషులలోను, ఎనుబదియేండ్లు దాటినవారిలో నూటికి ఎనుబదిమందికి పైగాను ఈ పెరుగుదల కానవచ్చును. కొందరిలో అది నిమ్మకాయంత యగును. ఏ కొందరికో పులివెందుల తోటలలోని చీనీకాయంతయు కావచ్చును. ఇది పుట్టకురుపు కాదు, క్యాన్సరును కాదు. క్యాన్సరు ఇదే గ్రంథిలో వేరుగా రావచ్చును గాని, ఈ పెరుగుదలయే క్యాన్సరుగా మారునని భయపడ నక్కరలేదు.

అయినచో బాధ ఎందులకు? చెరువునకు తూము ఎట్టిదో మూత్రాశయమునకు మూత్రనాళము అట్టిది. తూము చుట్టును మన్ను ఉబ్బి దారి ఇరుకైనచో నీరు సన్నగిల్లును. అప్పుడు మూత్రాశయము బలము కొలది త్రోయును. త్రోసి త్రోసి దాని గోడలు మొద్దుబారును. తుదకు అలసి, పూర్తిగా ఖాళీ చేయలేక కొంత నీటిని లోననే నిలుపుకొనును. నిలిచిన నీరు చెడి జ్వరము తెచ్చును, రాళ్ళు కట్టును. ఇంకను ఉపేక్షించినచో ఆ ఒత్తిడి వెనుకకు తన్ని మూత్రపిండములను పాడుచేయును. కొందరికి రాత్రింబవళ్ళు బొట్టుబొట్టుగా కారుచుండును. “పోవుచునే యున్నదిగదా” అని వారు తృప్తిపడుదురు. అది తూము పారుట కాదు. చెరువు నిండి మరవ పారుట. లోపల చెరువు కట్ట తెగుటకు సిద్ధముగా నున్నదని దాని భావము.

పూర్వులు దీనిని ఎరుగనివారు కారు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున ఏబదియెనిమిదవ అధ్యాయము మూత్రాఘాతములను పండ్రెండింటిని వర్ణించుచున్నది. అందు వాతాష్ఠీల యనునది మూత్రాశయమునకును మలమార్గమునకును నడుమ గుండ్రాయివలె కదలక నిలిచి మూత్రమును అడ్డగించు గడ్డ. నేటి వైద్యుడు మలద్వారమున వ్రేలుంచి పరీక్షించు తావు సరిగా అదియే. మూత్రము నిలిచి కడుపు ఉబ్బుటను మూత్రజఠరమని ఆ గ్రంథమే పేర్కొన్నది. అడ్డు ఎచటనో వారు కనుగొనిరి. ఆ అడ్డు పెరుగుటకు కారణమును వారు వాతమునందు వెదకిరి. హార్మోనుల సంగతి తెలియుటకు ఇంకను చిరకాలము పట్టినది.

ఆ సంగతికి తొలి జాడ రైతుల పశువులలోనే దొరకినది. కోడెను కొట్టించిన పిదప దాని మెడ, మూపురము, స్వభావము ఎట్లు మారునో సీమ రైతునకు ఎవరును చెప్పనక్కరలేదు. లండనునందలి జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు, కొట్టించిన పశువులలో ప్రోస్టేటు గ్రంథి చిన్నదై కుంచించి యుండుటను గమనించి 1786లో ప్రకటించెను. ఆ దారిని పట్టి ఫిలడెల్ఫియా నగరమున వైట్ అను వైద్యుడు 1895లో, వృషణములు తీసివేసిన 111 మంది వృద్ధుల వృత్తాంతమును ప్రకటించెను. చాలమందికి గ్రంథి తగ్గినది. కాని నూటికి 18 మంది మరణించిరి. ఆ పద్ధతి త్వరలోనే మూలబడినది. పట్టణమునకు పోయిన తాతను “కోస్తారు” అని బెదరించు మాటకు ఏనాటిదో ఈ కథయే మూలమేమో! నేడు గ్రంథి పెరుగుదలకు అట్టి చికిత్స ఎవరును చేయరు. క్యాన్సరు ముదిరినప్పుడు మాత్రము పురుష హార్మోనును అణచుట చికిత్సగా నిలిచినది. దానిని 1941లో చికాగోనగరమున చార్లెస్ హగిన్స్ నిరూపించి, అందులకు 1966లో నోబెల్ బహుమానము పొందెను. క్యాన్సరు చికిత్స వేరు, పెరుగుదల చికిత్స వేరు. ఈ భేదము తెలియక ఒకరి మందును మరియొకరికి అంటగట్టుట ప్రమాదము.

చీనా రాజాంతఃపురమున బాల్యముననో యౌవనముననో నపుంసకులుగా చేయబడినవారు కొందరు ముదుసలులై ఇరువదవ శతాబ్దము నడుమ వరకు జీవించిరి. వారిలో 26 మందిని పరీక్షింపగా 21 మందికి గ్రంథి వ్రేలికి తగులనంత చిన్నదిగా నుండెను. దీనిచేత ఒకటి స్థిరపడినది: వృషణములనుండి వచ్చు టెస్టోస్టిరోను అను హార్మోను లేనిదే ఈ గ్రంథి పెరుగదు.

మరియొక రహస్యము 1974లో బయటపడినది. డొమినికన్ రిపబ్లిక్ అను దేశమున కొన్ని కుటుంబములలో కొందరు శిశువులు ఆడపిల్లలవలె జన్మించి, ఈడువచ్చునప్పటికి మగవారగుచుండిరి. ఇంపరాటో-మెక్‌గిన్లీ అను వైద్యురాలును ఆమె సహచరులును పరిశోధింపగా, వారి రక్తమున టెస్టోస్టిరోను సరిగానే యున్నది. దానిని మరింత తీక్ష్ణమైన డైహైడ్రోటెస్టోస్టిరోనుగా మార్చు కిణ్వము మాత్రము లోపించినదని తెలిసినది. వారు పౌరుషవంతులే, కాని వారి ప్రోస్టేటు చిన్నదిగానే నిలిచిపోయెను. అనగా గ్రంథిని పెంచునది నేరుగా టెస్టోస్టిరోను కాదు. గ్రంథిలోపలనే దానినుండి తయారగు ఆ రెండవ రూపము. ఈ ఎరుకనుండియే ఆ కిణ్వమును అణచు ఫినాస్టెరైడు అను మాత్ర పుట్టి 1992లో అమెరికాలో వాడుకలోనికి వచ్చెను. తరువాత డ్యూటాస్టెరైడు అనునదియు వచ్చెను.

ఇక ఇచటనే ఒక చిక్కు ప్రశ్న. వయసు మీరిన కొలది రక్తములో టెస్టోస్టిరోను తగ్గుచుండును. మరి హార్మోను తగ్గుచుండగా గ్రంథి పెరుగుట ఎట్లు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతముల రేగడినేలలను ఎరిగినవారికి దీని సమాధానము కష్టము కాదు. వాన లేనిదే పైరు లేదు. కాని వాన ఎంత కురిసిన పంట అంత పండునా? పదును పట్టిన నేలమీద ఇంకను కురిసిన నీరు వంకల పాలగును. వానలు వెనుకబట్టిన పిదప, చలికాలమున, ఒక్క చినుకు లేకున్నను రేగడి తాను పట్టి యుంచుకొన్న తేమతోడనే శనగపైరును పండించును. ఆ సమయమున ఆకాశమును చూచి చేనిని లెక్కగట్టువాడు మోసపోవును. మన్ను పిడికిట పట్టి చూచువాడే లెక్క ఎరిగినవాడు. ప్రోస్టేటు గ్రంథి ఆ రేగడివంటిది. రక్తములో టెస్టోస్టిరోను తగ్గినను, గ్రంథి తనలోపల డైహైడ్రోటెస్టోస్టిరోనును నిలుపుకొనుచునే యుండును. రక్తములో హార్మోను ఒక మట్టము దాటిన పిదప గ్రంథి దానిని అంతకంటె గ్రహింపనును జాలదు. కావున హార్మోను గ్రంథికి అవసరము. కాని రక్తములోని దాని అంకె గ్రంథికి కొలత కాదు.

ఇది ఊహ మాత్రమే కాదు. డ్యూటాస్టెరైడు వాడకమును పరీక్షించిన అధ్యయనములందలి నాలుగువేలమందికి పైబడిన పురుషుల లెక్కలను కూర్చి 2006లో ఒక పరిశీలన ప్రకటితమైనది. చికిత్సకు ముందు టెస్టోస్టిరోను తక్కువగా నున్నవారిని, సరిగా నున్నవారిని పోల్చి చూచిరి. గ్రంథి పరిమాణమందు గాని, బాధలందు గాని, మూత్రధార వేగమందు గాని, తుదకు మందు ఇచ్చిన ఫలమందు గాని ఆ అంకెనుబట్టి భేదము కానరాలేదు. ఫలమును నిర్ణయించునది గ్రంథి పరిమాణము, దారి ఇరుకు, లోన నిలిచిన నీరు, రోగి వచ్చిన కాలము. “హార్మోను బాగుగా నున్నది, కాబట్టి చికిత్స అక్కరలేదు” అనుటయు, “హార్మోను తగ్గినది, కాబట్టి మందు పనిచేయదు” అనుటయు రెండును చెల్లని మాటలే. శక్తి కొరకని హార్మోను సూదులను వైద్యుని పరీక్ష లేక వేయించుకొనుట అంతకంటె అవివేకము.

చికిత్సలు మూడు తెరగులు. బాధ స్వల్పమైనచో మందే అక్కరలేదు. అలవాట్లు దిద్దుకొని ఏటేట పరీక్ష చేయించుకొన్న చాలును. మే నెల యెండలలో ఒంటికి లేవవలసివచ్చునను భయముతో నీరు త్రాగుట మానువారు కలరు. అది రాళ్ళకును జ్వరమునకును దారి. పగలు చాలినంత నీరు త్రాగి, ప్రొద్దుగ్రుంకిన పిదప తగ్గింపవలయును; రాత్రివేళ కాఫీ, టీ, మద్యము మానవలయును. పల్లేరుకాయల కషాయమును నమ్ముకొన్నవారు ఒకటి గుర్తింపవలెను: మూత్రము పూర్తిగా బిగిసినప్పుడు కషాయముతో ప్రొద్దుపుచ్చరాదు.

రెండవ తెరగు మాత్రలు. టామ్సులోసిన్ వంటివి దారిని బిగించు కండరములను సడలించును. కొలది దినములలోనే ధార మెరుగగును. కాని గ్రంథిని తగ్గింపవు. క్రొత్తలో చప్పున లేచినచో తల తిరుగవచ్చును. ఈ మాత్రలు వాడువారు కంటి శుక్లమునకు ఆపరేషను చేయించుకొనదలచినప్పుడు ముందుగా ఆ సంగతి కంటివైద్యునకు చెప్పి తీరవలయును. చెప్పనిచో శస్త్రచికిత్సలో కనుపాప తెర సడలి ఇబ్బంది కలుగును. ఫినాస్టెరైడు, డ్యూటాస్టెరైడు మాత్రలు నెమ్మదిగా పనిచేయును. ఆరునెలలు మొదలు ఏడాదికి గ్రంథిని ఇంచుమించు నాలుగవ వంతు తగ్గించును. గ్రంథి పెద్దదైనవారికే వీనివలన మేలు. చిన్నదైనచో ప్రయోజనము స్వల్పము. 1998లో ప్రకటితమైన ఒక అధ్యయనమున 3,040 మందిని నాలుగేండ్లు గమనించిరి. ఉత్తుత్తి మాత్ర తిన్నవారిలో నూటికి 10 మందికి శస్త్రచికిత్స అవసరము కాగా, ఫినాస్టెరైడు తిన్నవారిలో 5 గురికే అవసరమైనది. మూత్రము ఒక్కసారిగా బిగియుట నూటికి 7 నుండి 3కు తగ్గినది. 2003లో ప్రకటితమైన మరియొక అధ్యయనమున 3,047 మందిలో, సడలించు మందును తగ్గించు మందును కలిపి వాడినచో వ్యాధి ముదురుట నూటికి 66 పాళ్ళు తగ్గినదని తేలెను. వేరువేరుగా వాడినప్పుడు ఆ తగ్గుదల 39, 34 పాళ్ళు మాత్రమే. జోడెద్దులు లాగిన బండికిని ఒంటెద్దు బండికిని గల భేదమే ఇది.

ఫినాస్టెరైడువలన నూటికి కొలదిమందికి కోరిక తగ్గుట, పటుత్వము తగ్గుట కలుగవచ్చును. అట్టిచో దాచక వైద్యునితో చెప్పవలయును. ఈ మాత్ర పి.ఎస్.ఏ. అను రక్తపరీక్ష అంకెను సగమునకు తగ్గించును. కాబట్టి మాత్ర వాడుచున్న సంగతి చెప్పనిచో క్యాన్సరు జాడ మరుగునపడు ప్రమాదము కలదు. గర్భవతులైన స్త్రీలు నలిగిన ఈ మాత్రలను తాకరాదు.

మూడవ తెరగు శస్త్రచికిత్స. భరతఖండమున సైన్యవైద్యశాఖలో చిరకాలము పనిచేసి లండనునకు మరలిన పీటర్ ఫ్రేయర్ అను ఐరిష్ వైద్యుడు 1901లో, పొత్తికడుపు కోసి గ్రంథిని తొలచి తీయు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. 1926లో స్టెర్న్ అనునతడు మూత్రమార్గము గుండనే పోయి గ్రంథిని చెక్కు పరికరమును కనుగొనెను. అది మెరుగులు దిద్దుకొని నేడు దూర్బీను ఆపరేషనుగా ప్రసిద్ధమైనది. లేజరు పద్ధతులును వచ్చినవి. నడుము క్రిందికి మాత్రమే మత్తిచ్చి, వెలుపల గాటు లేకుండ చేయుదురు. ఒకనాడు నూటికి పదునెనిమిదిమంది మరణించిన చోట నేడు మరణము వేయికి కొలదిమందికి మించదు.

“మగవాడు మగవాడుగా మిగలడు” అను భయమునకు సూటియైన సమాధానము చెప్పవలయును. ఈ శస్త్రచికిత్సలో వృషణములను ముట్టరు. హార్మోను యథాప్రకారమే యుండును. పటుత్వము చాలమందికి చెడదు. ఒక మార్పు మాత్రము ఎక్కువమందికి కలుగును: వీర్యము వెలుపలికి రాక మూత్రాశయములోనికి పోయి మూత్రముతో వెడలును. దానివలన దేహమునకు హాని లేదు. ఇంకను సంతానము కోరువారు మాత్రము ముందే వైద్యునితో మాటలాడవలయును. ఈ నిజమును దాచుటవలననే లేనిపోని భయములు పెరిగినవి.

ఇక లెక్కకు వత్తము. అమెరికా మూత్రవ్యాధి వైద్యుల సంఘమువారు 1992లో ఏడు ప్రశ్నల పట్టికనొకటి సిద్ధపరచిరి. నేడు లోకమంతటను అది వాడుకలో నున్నది. గడచిన మాసమున, మూత్రము పోసిన పిదప ఇంకను మిగిలినట్లు తోచుట, రెండుగంటలు తిరుగకముందే మరల పోవలసివచ్చుట, ధార ఆగి ఆగి వచ్చుట, ఆపుకొనలేని తొందర, ధార సన్నగిల్లుట, ముక్కి పోయవలసివచ్చుట, రాత్రి నిద్రనుండి లేచుట. ఈ ఏడు పద్దులలో ఒక్కొక్కదానికి సున్న మొదలు ఐదు వరకు అంకె వేసి మొత్తము కట్టవలయును. ఏడు వరకు స్వల్పము. ఎనిమిది మొదలు పంతొమ్మిది వరకు మధ్యమము. ఇరువది మొదలు ముప్పదియైదు వరకు తీవ్రము. దీనికి సూది అక్కరలేదు, రుసుము అక్కరలేదు. కాగితము, పెన్సిలు, నిజము చెప్పు మనస్సు చాలును. ఏడవ పద్దు మాత్రము తప్పకుండ సరిచూడగలవారు ఇంటి యిల్లాండ్రు. రాత్రి తలుపు ఎన్నిమారులు చప్పుడైనదో వారికంటె ఎరిగినవారు లేరు. కావున ఈ మాటలు సోదరీమణులకును చెందినవే.

మొత్తము ఎనిమిది దాటినవారు వైద్యుని చూడవలయును. ఆయన వ్రేలిపరీక్ష, మూత్రపరీక్ష, మూత్రపిండముల పనిని తెలుపు క్రియాటినిన్ పరీక్ష, పోసిన పిదప ఎంత నీరు మిగిలినదో చూపు స్కానింగు చేయించి దారి చెప్పును. మూత్రములో నెత్తురు పడినను, చలిజ్వరము వచ్చినను, ధార పూర్తిగా బిగిసినను లెక్కలు కట్టుచు కూర్చుండరాదు. ఆ క్షణముననే ఆసుపత్రికి పోవలయును. అచట సన్నని గొట్టము వేసి నీరు తీయుటతోనే ప్రాణము కుదుటపడును. జలుబునకు అంగడిలో కొన్న మాత్రలే కొందరు వృద్ధులకు ఇట్లు మూత్రమును బిగించును. వానిని అడగనిదే వాడరాదు.

ఈ సీమకు వైద్యము క్రొత్త కాదు. జమ్మలమడుగున లండను మిషనువారు నెలకొల్పిన క్యాంబెల్ ఆసుపత్రి ఎన్నో తరములవారికి ఆదరువైనది. ఆ ఆసుపత్రిలో వైద్యాధికారిగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు 1973లో పులివెందులలో తండ్రిపేర డెబ్బది పడకల ఆసుపత్రి కట్టించిరి. ప్రొద్దుటూరున జిల్లా ఆసుపత్రి కలదు. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై 2024 నుండి ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడచుచున్న ప్రభుత్వపథకమున ఏ చికిత్సకు సాయము కలదో ఆసుపత్రిలో అడిగి తెలిసికొనవచ్చును. దూరము పల్లెకును పట్టణమునకును మధ్య లేదు. నోటికిని సిగ్గునకును మధ్య కలదు.

చేనికి పదును దాటిన పిదప విత్తినవాడు దైవమును నిందించుట తగదు. ఏడు పద్దులు వ్రాసిన కాగితమునొకదానిని ఈ గ్రంథాలయపు గోడకు, పత్రికలబల్లకు ఎదురుగా అంటించినచో, ఇరువదియైదేండ్ల సేవకు అదియొక చక్కని కొనసాగింపు కాగలదు. దానిని చదివి ఒక్క వృద్ధుడు వేళకు వైద్యుని చేరినను, ఆ యింట ఆ రాత్రి అందరును నిద్రింతురు. గ్రంథాలయము స్వర్ణోత్సవమును జరుపుకొనునాటికి నేటి పాఠకులందరును ఆరోగ్యముతో ఈ బల్లచుట్టునే కూర్చుండి పత్రికలు చదువుచుందురుగాక!